నాలుగు గిన్నెల పాలు

తెల్లవారుజామున నాలుగున్నరకు హాస్టల్ గేటు తీయించుకుని, స్కూటీ మీద ముందు ఐస్ పెట్టె, వెనక మా జూనియర్ అమ్మాయి, ఆత్కూరు వైపో ఉంగుటూరు వైపో బయలుదేరేవాళ్లం. గేదెల్ని పితికే వేళకు మేం చావిడిలో ఉండాలి. దూడను వదిలాక గేదె పాలు చేపుతుంది. ఆ తర్వాత రైతు బకెట్ పెట్టేలోపు దొరికే రెండు మూడు నిమిషాల్లోనే నా శాంపిల్ తీసుకోవాలి. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ, అంటే పశువైద్య పీజీ, చేసినప్పుడు నా థీసిస్ మొత్తం ఆ రెండు మూడు నిమిషాల మీదే నిలబడింది.

గేదెల్లో పైకి కనిపించని పొదుగు వాపు మీద నా పని. మామూలు పొదుగు వాపు వస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పొదుగు గట్టిపడుతుంది, వేడెక్కుతుంది, పాలలో తునకలు పడతాయి, గేదె ముట్టుకోనివ్వదు. కనిపించని రకంలో ఇవేవీ ఉండవు. పాలు తెల్లగా బాగానే ఉంటాయి, రోజురోజుకీ కాస్త తగ్గుతుంటాయి, అంతే. రైతు దాణాను అనుమానిస్తాడు, ఎండను అనుమానిస్తాడు. ఈలోగా లోపల చేరిన సూక్ష్మజీవి పాలు తయారయ్యే కణజాలాన్నే పాడుచేస్తుంది.

బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌లో ఒక గేదెను చూశాను. అప్పటికే ఒక చన్ను పూర్తిగా ఎండిపోయింది. మంచి ముర్రా గేదె, మూడో ఈత. దాని యజమానురాలు చికిత్స గురించి అడగలేదు. "మూడు చన్నుల గేదెను సంతలో ఎవరు కొంటారమ్మా?" అని మాత్రం అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను. పీజీలో టాపిక్ ఎంచుకోమన్నప్పుడు ఆమె మాటే గుర్తొచ్చింది.

మొదటి సెమిస్టర్లు కోర్సు వర్కు, సెమినార్లతో గడిచాయి. ఆ రోజుల్లో గుంటూరు దగ్గర లాం ఫారం చూసి వచ్చాం. ఒంగోలు జాతి మీద, పిండ మార్పిడి మీద అక్కడ పరిశోధన జరుగుతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి మాత్రం అక్కడి రిజిస్టర్లు. ఏ ఆవు తల్లి ఏది, ఎప్పుడు ఈనింది, ఎన్ని పాలిచ్చింది అన్నీ రాసి ఉన్నాయి. నాకూ అలాంటి రిజిస్టరు ఉండాలని వచ్చే దారిలోనే అనుకున్నాను.

తర్వాత ఓఆర్‌డబ్ల్యూ, అంటే చేయబోయే పరిశోధన ప్రణాళిక, రాసి గైడ్ మేడమ్‌కి ఇచ్చాను. ఆమె ఆసాంతం చదివి ఒక్కటే అడిగారు: "రైతుకి రిజల్ట్ ఎప్పుడు చెబుతావు?" నేను రాసిందాంట్లో అది లేదు. శాంపిల్ తీయడం, కల్చర్ చేయడం, అంటే అందులోని సూక్ష్మజీవుల్ని ల్యాబ్‌లో పెంచడం, వాటి మీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చూడటం, థీసిస్ రాయడం వరకే ఉంది. "తెల్లారకముందే లేచి నీకు గేదెను పట్టి ఇస్తాడు. వారంలోపు అతనికి కాగితం అందాలి" అన్నారు. ఆ వాక్యం కలిపాకే సంతకం పెట్టారు. నా రెండేళ్లలో నేర్చుకున్నవాటిలో దానికే మొదటి స్థానం ఇస్తాను.

మొదటి నెల చాలా కష్టంగా గడిచింది. తెచ్చిన పాలను బ్లడ్ అగార్ మీద, అంటే సూక్ష్మజీవులు పెరగడానికి రక్తం కలిపి చేసిన జెల్లీ మీద, గీసి, 37 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో పెట్టి, మర్నాడు తీసి చూస్తే ఒక్కో ప్లేటులో మూడు నాలుగు రకాల కాలనీలు, అంటే సూక్ష్మజీవుల గుంపులు. అంటే పొదుగులో ఉన్నది కాదు, చర్మం మీది మురికి, పేడ, దుమ్ము సీసాలోకి వచ్చాయన్నమాట. వాటిని దేనికీ వాడకూడదు. ఎవరెవరి నిద్రో పాడుచేసి తెచ్చిన పాలు పారబోయాల్సి వచ్చింది. ఆ రాత్రి బాగా ఏడ్చాను.

తప్పు నాదే. సీసాను పొదుగు కింద నిటారుగా పట్టుకునేదాన్ని, పైనుంచి రాలే దుమ్మంతా లోపల పడేది. మేడమ్ నన్ను వారం పాటు కాలేజీ డెయిరీలోనే ప్రాక్టీస్ చేయమన్నారు. ముందు అవతలి వైపు చన్నుల్ని 70 శాతం ఆల్కహాల్ దూదితో తుడవాలి, తర్వాత ఇవతలివి. పాలు తీసేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు ఇవతలివి, చివర అవతలివి. లేకపోతే తుడిచిన చన్నుకే మన చెయ్యి తగులుతుంది. మొదటి ధారలు పారబోసి, సీసాను పక్కకు వంచి పట్టుకోవాలి, మూత లోపలి భాగాన్ని ముట్టుకోకూడదు. ఇది క్లాసులో ఎన్నోసార్లు విన్నదే. చేతికి రావడానికి మాత్రం వారం పట్టింది. ఆ తర్వాత బీవీఎస్సీ పిల్లల ప్రాక్టికల్స్‌లో సాయం చేసేటప్పుడు నేను మొట్టమొదట సీసా పట్టుకోవడం చూపించేదాన్ని, సూక్ష్మజీవులకు రంగు వేసి చూసే గ్రామ్ స్టెయినింగ్ ఆ తర్వాతే.

ఊళ్లలో ఇంకో టెన్షన్. చాలామంది వద్దనేవారు. ఒక పెద్దాయన సూటిగానే అడిగారు: "పాలకేంద్రంలో చెప్పేస్తావా అమ్మాయ్? మా పాలు పోయించుకోకపోతే?" ఆ భయం న్యాయమైనదే. ఆ ఇంటికి వచ్చే డబ్బు పదిహేను రోజులకోసారి పాలకేంద్రం నుంచే. "పేర్లు రాయను బాబాయ్ గారూ, గేదెకు నంబరు మాత్రమే ఉంటుంది. కాగితం మీ చేతికే ఇస్తాను" అన్నాను. ఆయన చాలాసేపు నన్నే చూసి, గేదె ముందు పిల్లిపెసర కట్ట వేసి, "తీసుకో" అన్నారు.

చావిడిలోనే చేసే పరీక్ష ఒకటుంది, కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్. మాస్టైటిస్ అంటే పొదుగు వాపే. 1957లో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నాం. నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ పళ్లెంలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పితికి, అంతే మోతాదులో ఊదారంగు ద్రావణం పోసి గుండ్రంగా తిప్పుతాం. పొదుగులో ఇన్ఫెక్షన్ ఉంటే పోరాడటానికి తెల్ల రక్తకణాలు పాలలోకి పెద్దసంఖ్యలో వస్తాయి. ద్రావణం ఆ కణాల్ని పగలగొడుతుంది, లోపలి డీఎన్ఏ బయటపడి పాలు జిగురులా చిక్కబడతాయి. ఆ రోజు మూడు గిన్నెల్లో పాలు నీళ్లలా తిరిగాయి. నాలుగో గిన్నెలో తీగలా సాగాయి. పెద్దాయన భార్య లాంతరు దగ్గరకు తెచ్చి చూసి, "అదేంటి, పొద్దున్నే ఆ పాలతోనే కాఫీ పెట్టుకున్నాం" అన్నారు. కంటికి తేడా తెలియని పాలు కళ్ల ముందే అలా మారితే ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ల్యాబ్‌లో ఆ శాంపిల్ నుంచి ఒకే రకం కాలనీలు వచ్చాయి. మైక్రోస్కోప్ కింద ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయి, మానిటాల్ సాల్ట్ అగార్‌ను పసుపుగా మార్చాయి, కుందేలు ప్లాస్మాను గడ్డ కట్టించాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ముల్లర్ హింటన్ ప్లేటు మీద యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెట్టి మర్నాడు చూస్తే పెన్సిలిన్ చుట్టూ పెరుగుదల ఆగలేదు, జెంటామైసిన్ చుట్టూ ఖాళీ వలయం స్పష్టంగా ఉంది. వలయాలు మిల్లీమీటర్లలో కొలిచి కాగితం రాసి, ఆ ఊరి పశువుల ఆస్పత్రి డాక్టరు గారికీ, పెద్దాయనకీ ఇచ్చాను. ఏ మందు వాడాలో నిర్ణయించాల్సింది డాక్టరు గారే.

మందు వాడినన్ని రోజులూ, ఆపాక డాక్టరు చెప్పిన గడువు వరకూ ఆ గేదె పాలు కేంద్రంలో పోయకూడదని చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఒక చన్నుకే కదా అన్నారు పెద్దాయన భార్య. "ఒక్క చన్నులోకి ఎక్కించినా మందు మిగతా పాలలోకీ రావచ్చు. అలాంటి పాలు తోడుపెడితే పెరుగు సరిగా తోడుకోకపోవచ్చు, మందు ఆ తోడునే చంపుతుంది" అన్నాను. ఆ మాట ఆవిడకు వెంటనే ఎక్కింది. పాలు ఆపేశారు. వాళ్లకు అది చిన్న నష్టం కాదు, ఆ విషయం నేనెప్పటికీ మర్చిపోను.

చివరి సెమిస్టర్‌లో రాత పని, స్టాటిస్టిక్స్, బైండింగ్, వైవా ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు, ఆవులకన్నా గేదెలకు పొదుగు వాపు తక్కువంటారు, ఎందుకని అడిగారు. గేదె చన్ను కొసన కండరం బిగుతుగా ఉంటుంది, అందుకే పితకడం కూడా కష్టం అన్నాను. చేత్తో చూపించాను కూడా, అలవాటైపోయి.

వెళ్లిపోయే ముందు ఆ పెద్దాయన ఇంటికి మళ్లీ వెళ్లాను. పళ్లెం, ద్రావణం దొరకకపోతే ఏం చేయాలో చూపించాను. లీటరు నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, నాలుగు చిన్న స్టీలు గిన్నెల్లో పాలు ఎంతో ఆ సబ్బు నీళ్లు అంత పోసి, నిమిషం తిప్పితే చాలు, ఇన్ఫెక్షన్ ఉన్న పాలు చిక్కబడతాయి. చూశాక పారబోయాలి, గిన్నెలు వంటింట్లోవి కాకూడదు.

మొన్న పెద్దాయన భార్య ఫోన్ చేశారు. "ఎడమ పక్క వెనక చన్ను పాలు సాగుతున్నాయమ్మాయ్." చన్ను కడిగి, ఆరనిచ్చి, మొదటి ధారలు వదిలేసి మళ్లీ చూడమన్నాను. ఫోన్ పెట్టకుండానే చూశారు. మళ్లీ సాగాయి. ఆ చన్ను చివర్న పితకమని, ఆ పాలు వేరే పెట్టమని చెప్పి, ఊళ్లో డాక్టరు గారికి నేనే ఫోన్ చేశాను.