మత్తు సూది నాకు ఎదురు తిరిగింది

నాలుగేళ్ల కిందట గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ పొద్దున ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు, తర్వాత మా అక్క చెప్పగా తెలిసిందే.

ముందు రోజు రాత్రి టెన్షన్ తగ్గి నిద్ర పడుతుందని నర్సు ఆల్ప్రజోలాం మాత్ర ఇచ్చింది. నిద్ర సంగతి దేవుడెరుగు, తెల్లవార్లూ వార్డు వరండాలో తిరుగుతూనే ఉన్నాను, ఎవరు పలకరించినా విసుగు. ఆపరేషన్ భయం అనుకున్నారు అందరూ, నేనూ అదే అనుకున్నాను.

పొద్దున ఓటీ బయట పడుకోబెట్టి చేతి నరానికి గుచ్చిన కాన్యులాలోంచి (మందులెక్కించే సన్న గొట్టం) 2 మిల్లీగ్రాముల మిడజోలాం ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో మగత రావాలి. నేనేమో లేచి కూర్చుని ఏడుపు మొదలుపెట్టి, ఆ ఏడుపులోనే నర్సుని పట్టుకుని "నోట్సు ఏదీ, మీ నాన్నని తీసుకురా" అని కేకలేసి (హైస్కూల్లో లెక్కల టీచర్ని లెండి), కాన్యులా పీకేసి, ఆపబోయిన వార్డుబాయ్‌ని కొట్టానట. తలుపు బయటున్న మా అక్క ఆ గొంతు నాదని చాలాసేపు పోల్చుకోలేకపోయింది.

మత్తు డాక్టరమ్మ మాత్రం కంగారుపడలేదు. అదే మందు ఇంకాస్త ఇస్తే గొడవ ముదరొచ్చని మానేసి, ఇంకో చేతికి కాన్యులా పెట్టించి, ప్రొపోఫాల్‌తో నేరుగా పూర్తి మత్తులోకి పంపించింది. లేచాక నేను చూసింది కమిలిపోయిన చెయ్యి, నా మొహంలోకి చూడలేకపోతున్న మా ఆయన.

సాయంత్రం ఆవిడే వచ్చి చెప్పింది, దీన్ని పారడాక్సికల్ రియాక్షన్ అంటారని, అంటే నెమ్మది పరచాల్సిన మందు మనిషిని ఇలా రెచ్చగొట్టడం. నూటికి ఒకరికన్నా తక్కువ మందికే వస్తుంది, పిల్లల్లో, వయసు మళ్లినవాళ్లలో, తాగుడు అలవాటున్నవాళ్లలో కాస్త ఎక్కువ. నేను ఆ మూడింట్లోనూ లేను! రాత్రి వేసుకున్న మాత్ర కూడా ఇదే కుటుంబం, బెంజోడయాజిపైన్లు. నాకేమీ గుర్తులేకపోవడం కూడా ఆ మందు పనేనట. ఫ్లూమజెనిల్ అని విరుగుడు సూది ఉంది కానీ, ఎలాగూ మత్తు ఇవ్వబోతున్నాం కదా అని వాడలేదంది.

తీరా డిశ్చార్జ్ సమ్మరీలో చూస్తే ఇదేమీ లేదు, ఆపరేషన్ సజావుగా జరిగింది అని ఒక్క వాక్యం. నాకు ఒళ్లు మండింది. పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది, ఆ సంగతి రాసి దరఖాస్తు ఇచ్చి, రెండుసార్లు తిరిగితే ఎనస్థీషియా చార్టు కాపీ చేతికొచ్చింది. డాక్టరమ్మ మందు పేరు, డోసు, జరిగింది నాలుగు లైన్లలో విడిగా రాసి సంతకం పెట్టింది. దాన్ని లామినేషన్ చేయించి ఆధార్ కార్డు పక్కన పెట్టుకున్నాను.

పోయినేడు వేరే ఊళ్లో, వేరే ఆస్పత్రిలో గర్భసంచి ఆపరేషన్. ముందస్తు పరీక్షల్లో ఎలర్జీలున్నాయా అని అడిగారు. ఇది ఎలర్జీ కాదు, కాబట్టి లేవు అనేస్తే అక్కడితో సరి. కాగితం తీసి చూపించాను. మత్తు డాక్టర్ రెండుసార్లు చదివి, ఆ కుటుంబానిది కాని డెక్స్‌మెడెటొమిడిన్ అనే మగత మందు ఇస్తాను, పది నిమిషాలపాటు మెల్లగా ఎక్కిస్తాం, గుండె వేగం కొంచెం తగ్గుతుంది, కనిపెట్టి ఉంటాం అన్నాడు. కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాశాడు కూడా.

అయినా ఆ రాత్రి తొమ్మిదింటికి నర్సు పిల్ల చిన్న కాగితం కప్పులో మాత్ర తెచ్చింది.

"ఏం మాత్రమ్మా?"

"నిద్రకి మేడమ్, అందరికీ ఇచ్చేదే."

"పేరు చెప్పు తల్లీ."

ఆల్ప్రజోలాం. షీటు మొదటి పేజీ తిప్పి చూడమన్నాను. చూసింది, నాలుక కరుచుకుంది, ఫోన్ చేసి కనుక్కుని కప్పు తీసుకెళ్లిపోయింది. నిద్ర ఎలాగూ పట్టలేదు, కానీ మంచం మీదే పడుకుని ఉన్నాను. పొద్దున డ్రిప్ ఎక్కుతుంటే నోరెండిపోయింది, ఎవరో నా పేరు పిలిస్తే బదులిచ్చాను, ఓటీలోకి తీసుకెళ్లడం దాకా నాకు గుర్తుంది.