నీళ్లు దిగినప్పుడు సంగమేశ్వరం

మా మేనత్తకి డెబ్భై దాటినాయి. "ఈసారన్నా సంగమేశ్వరం తీసుకపోరా" అని మూడేళ్ల నుంచి అడుగుతానే ఉంది, నేనేమో నీళ్లు ఇంకా తగ్గలేదత్తా, ఇంకో నెల చూద్దాం అని దాటేస్తా వచ్చినా. 2023లో వానలు ఎగ్గొట్టినాయి కదా, 2024 ఏప్రిల్‌కి చెప్పడానికి ఇంక సాకు లేదు. కారు తీసినా.

తెలియనోళ్ల కోసం చెప్తా, ఇది శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లలో ఉండే గుడి. డ్యామ్ ఫుల్ లెవెల్ 885 అడుగులు, 840కి అటూ ఇటూ దిగితేనే గుడి బయటపడేది, మళ్లీ వరదొచ్చిందంటే స్వామి నీళ్లలోకే. 1981 ప్రాంతంలో మునిగితే మళ్లీ జనం కంటపడింది 2003లోనంట. మా అత్తోళ్ల ఊరు కూడా అదే నీళ్లలో పోయింది, దాని గురించి అత్త ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు.

ఆత్మకూరు దాటి కపిలేశ్వరం వైపు తిరిగినాక రోడ్డు అంటే రోడ్డు కాదు, ఎండిన ఒండ్రు మీద బండ్లు పోయిన చాళ్లు. ఏసీ ఆపి అద్దం దించితే ఎండిన చేపల వాసన. గుడి చూసి నాకైతే మొదట అయ్యో అనిపించింది, ప్రాకారం రాళ్లు కూలి పడున్నాయి, స్తంభాల మీద నీళ్లు ఏ ఏడాది ఎంతెత్తు నిలిచిందీ గీతలు గీతలుగా కనపడతాంది, రాతి సందుల్లో గుల్లలు అతుక్కొని ఉన్నాయి. లోపల లింగం మాత్రం రాయి కాదు, వేప మొద్దు. భీముడు కాశీ నుంచి లింగం తెచ్చేలోపు ముహూర్తం దాటిపోతాదని ధర్మరాజు వేప మొద్దు నిలబెట్టినాడని చెప్తారు. కథ సంగతి ఎట్లున్నా, మా ఇంటి వేప దూలానికి పదేళ్లకే చెదలు పట్టింది, ఇది ఏటా నెలల తరబడి నీళ్లలో నానతాంది. విభూతి కింద చెక్క గీతలు దగ్గరికి పోతే కనపడతాయి.

ఏడు నదులు కలిసే చోటు కదా, తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. ఏడింట్లో భవనాశి ఒక్కటే మగ నది. "ఆరుగురు ఆడోళ్ల మధ్య ఒక్క మగోడు, అందుకే అంత సన్నగా పారతాడు" అని అత్త నవ్వింది. ఆ రోజు మొత్తానికి అదొక్కసారే నవ్వింది.

దర్శనం ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత గంటన్నర ఆ ఎండలో కొంగు నెత్తిన కప్పుకొని, పగుళ్లిచ్చిన మట్టి మీద నడుస్తానే ఉంది. "ఆ గుట్ట ఎడమ చేతికి ఉండాల, అంటే మన ఊరు ఇంకా కిందికి" అంటుంది, చూస్తే అక్కడ ఇంకా నీళ్లే. ఒకచోట నల్లగా చింత మొద్దు కనపడితే ఉరికినంత పని చేసి పోయింది, చెయ్యేసి చుట్టూ తిరిగి చూసి "ఇది మనది కాదులే, మనది రెండు కొమ్మలుగా చీలి ఉండె" అని వచ్చేసింది. చీలిన కొమ్మలు మొద్దులో ఎట్ల తెలుస్తాయో నేను అడగలా.

తిరిగి వచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. నందికొట్కూరు దగ్గర టీకి ఆపితే అప్పుడు అడిగింది, "రేయ్, ఇంకో పది అడుగులు దిగుతాయంటావా, వచ్చే నెలకి?" దిగొచ్చులే అత్తా, మళ్లీ వద్దాం అన్నా. గ్లాసు పట్టుకొని కాసేపు ఆలోచించి "ఛీ, ఏం అడుగుతాండానో నేను, వానలు పడాల, మనోడి బోరు రెండు నెలల నుంచి గాలి తోల్తాంది" అంది.

మే నెలలో కుదర్లేదు, నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. జులై ఆఖర్లో శ్రీశైలం గేట్లెత్తినారు. ఆ రాత్రే అత్త ఫోన్ చేసి మిరప నారుకి రేటెంత ఉందో కనుక్కోమంది.