మూడు రోజుల కిందటి భోజనం

"బిర్యానీ ఒక్కటే తిన్నానండీ, ఇంకేమీ ముట్టలేదు" అని ఆయన అంటూ ఉండగానే, "అదేమిటి, మయోనైజ్‌తో చికెన్ ముక్కలు రెండోసారి వడ్డించుకున్నారు కదా!" అని ఆయన భార్య అందుకున్నారు. విందు తిని జబ్బుపడినవారిలో ఎవరేం తిన్నారో రాసుకునే నా ఫారంలో మరో కొట్టివేత పడింది.

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కడుపులో చేరాక జ్వరం, విరేచనాలు మొదలవడానికి 6 నుంచి 72 గంటలు పడుతుంది కాబట్టి, మేము ఇల్లిల్లూ తిరిగేసరికి విందు గిన్నెలు తోమి బోర్లించి ఉంటాయి, మాకు చిక్కేది మనుషుల జ్ఞాపకం ఒక్కటే. జబ్బుపడినవారినే కాదు, అదే పంక్తిలో తిని హాయిగా ఉన్నవారినీ అడగాలి; వారికేమో మమ్మల్ని చూస్తేనే విసుగు.

2008లో అమెరికాలో 1,400 మందికి పైగా జబ్బుపడినప్పుడు నింద మొదట టమాటాల మీద పడింది, తరువాత గాని హాలపీన్యో, సెరానో మిరపకాయల సంగతి బయటపడలేదు. పచ్చడి తిన్నామంటాం గాని, అందులోని మిరపకాయ తిన్నామని మనలో మాత్రం ఎవరంటారు?

తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించినప్పటి నుంచి, ఆ పేరు వినగానే నా అనుమానం అటే పరుగెడుతుంది. పరుగెత్తకూడదు. అది తిననివారిలోనూ ఇద్దరు మంచం పట్టారని ఫారాలే చెబుతున్నాయి.

రేపు వంటమనిషిని కలవాలి. మల పరీక్షకు డబ్బా ఇస్తూ, నింద మోపుతున్నట్టు కాకుండా ఎలా అడగాలో ఇంకా తేలలేదు.