మెదక్ చర్చి గుడిలో మా పాప మొక్కు

చెల్లికి నెలలు నిండకుండా పుట్టిన పాపను గాజుపెట్టెలో, పైపుల మధ్య చూడగానే అమ్మ అక్కడికక్కడే మొక్కేసింది. "ప్రభువా, ఈ పిల్లను బతికిస్తే క్రిస్మస్‌ నాడు మెదక్ గుడికి తెచ్చి నీ సన్నిధిలో పెడతాను" అని. ఏదో ఒక ఆదివారం అని మొక్కుకుని ఉండొచ్చు కదా అని మా మరిది దారి పొడవునా గొణుగుతూనే ఉన్నాడు. పాప మాత్రం బుగ్గలు ఉబ్బించుకుని హాయిగా నిద్రపోయింది. ఆ బుగ్గలు చూసినప్పుడల్లా నాకు స్తోత్రం చెప్పాలనిపిస్తుంది.

తెల్లవారుజాము ఆరాధన మాకు ఎలాగూ అందదు. మేం చేరేసరికి రెండో ఆరాధన కూడా అయిపోయి, ఆశీర్వాదం కోసం లైన్లు కట్టేశారు. ఆ జనాన్ని ఏం చెప్పను! బారికేడ్ల మధ్య కాలు కదపడానికి లేదు. ముందున్న కుర్రాళ్లు గోపురం మొత్తం ఫోన్‌లో పట్టాలని వెనక్కి వెనక్కి జరుగుతూ మా కాళ్లు తొక్కుతున్నారు. ఆ గోపురం 175 అడుగులు, వాళ్లు ఎంత వెనక్కి జరిగినా సరిపోదు.

నా టెన్షన్ వేరు. లోపలి రంగు అద్దాల కిటికీలు పగటి వెలుగులోనే కనిపిస్తాయి. పొద్దు గూకిందంటే, బయట ఎన్ని లైట్లు వేసినా ఆ బొమ్మలు కనబడవు. లైను చూస్తే అంగుళం అంగుళం జరుగుతోంది. ఇంతలో పాప లేచి ఏడుపు అందుకుంది. చెల్లికి కూర్చోవడానికి చోటు లేదు, పాలిద్దామంటే చాటు లేదు.

అప్పుడు పక్క లైనులోంచి ఒక పెద్దావిడ, "పసిగుడ్డును ఎండల నిలబెడ్తరా బిడ్డా? ఇటు రాండ్రి" అంటూ చెల్లి చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకెళ్లింది. తను కప్పుకున్న దుప్పటి తీసి అడ్డం పట్టుకుని నిలబడింది. పాప తాగి నిద్రపోయేదాకా ఆ చేతులు దించలేదు. ఆ లోపల ఆమె లైను ఎంతో ముందుకు వెళ్లిపోయింది. వెళ్లి కలవమంటే, "నేను ఏటా వస్త, నాకేం తొందర" అని మాతోనే వెనక నిలబడింది.

నిలబడ్డంత సేపూ కబుర్లే. ఆమె తాత ఈ గుడికి రాళ్లు మోశాడట. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర పనికి అన్నం పెట్టి, 1914 నుంచి పదేళ్లు కట్టించిన గుడి ఇది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు కాబట్టి క్రిస్మస్‌ ఈ గుడికి కూడా పుట్టినరోజే. దొర తను ఉండే బంగళా ప్రార్థన మందిరం కంటే ఎత్తుగా ఉందని నొచ్చుకుని ఇంత పెద్ద గుడి తలపెట్టాడని చెబుతారు. ఇంగ్లండు నుంచి వచ్చినాయన వయసంతా ఈ మెతుకుసీమలోనే ధారపోశాడు. ఆ సంగతి బోర్డుల మీద కూడా ఉంటుంది.

ఈవిడ సంగతి ఏ బోర్డు మీదా ఉండదు. పెళ్లై వచ్చినప్పటి నుంచి వాళ్ల ఊరి గుడి ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఈవిడే. ఏమైనా ఇస్తారా అని మరిది అడిగితే ఆ మాటే పట్టించుకోకుండా ఊడ్చే పద్ధతి చెప్పింది. "శనివారం పొద్దుగూకినంకనే ఊడ్వాలె. ఆదివారం పొద్దుగాల ఊడిస్తే దుమ్ము లేసి తెల్లచీరల మీద పడ్తది. పావురాలు గలీజు చేస్తయి, బల్లలు తడిబట్టతో తుడ్వాలె." మోకాళ్ల నొప్పులు లేవా అంటే నవ్వింది.

ఎట్టకేలకు లోపలికి అడుగుపెట్టేసరికి ఎండ ఇంకా ఉంది. ఎదురుగా బలిపీఠం పైన యేసు పరలోకానికి ఎక్కే ఆరోహణం కిటికీ, కుడివైపు సిలువ కిటికీ. ఎడమవైపు జననం కిటికీ మాత్రం మండుతున్నట్టే ఉంది. పశువుల తొట్టి, మరియమ్మ నీలిబట్ట, ఒక్కొక్క గాజుముక్కా విడివిడిగా వెలుగుతోంది. నేల మీది రంగుల పలకల మీద అందరి కాళ్లూ పడుతున్నాయి. గురువుగారు పాప తల మీద చెయ్యి పెట్టారు. అమ్మకు గొంతు పెగల్లేదు. ఇన్నాళ్లూ దాచుకున్న ప్రార్థనంతా మర్చిపోయి "వచ్చినం తండ్రీ" అని మాత్రం అంది. అంతలోనే "జరగండమ్మా, జరగండి" అని వాలంటీర్లు తోసేశారు. కళ్లారా చూసుకోనియ్యరు కదా! బయటపడ్డాక కూడా నాకు మండిపోయింది.

మెట్ల దగ్గర పెద్దావిడను మీరేం ప్రార్థన చేసుకున్నారని అడిగాను. వాళ్ల గుడి గంట తాడు తెగిపోయిందట, అది అడిగిందట. కొడుకుల గురించి అడగలేదా అంటే, అవి ఇంట్లో అడుగుతానంది. ఫోన్ లేదు, ఊరి పేరు చెప్పింది. సంక్రాంతి సెలవుల్లో తాడు పట్టుకెళ్దామని మరిది అప్పుడే ప్లాన్ వేసేశాడు. నైలాన్ దైతే చేతులు కోస్తదని, నూలుదే తెమ్మని చెప్పి మరీ బస్సెక్కిందావిడ.