ప్రాణహితలో పడిన బిందె

మా వదినను ప్రాణహిత అవతల, సిరోంచలో ఇచ్చారు. 2001లో ఆమె పెళ్లి నాటికి అక్కడ నది మీద వంతెన లేదు. మంచం, బీరువా, ఇత్తడి సామాను, అరిసెల గంప అన్నీ నాటు పడవల్లోనే దాటాయట. సగం నదిలో ఒక పడవ ఇసుక మేటకు తగిలి ఒరిగితే పెద్ద ఇత్తడి బిందె నీళ్లలో పడిపోయింది. ఈ కథ మా మామయ్య ఏడాదికి రెండుసార్లైనా చెబుతారు. మొన్న డిసెంబరు సెలవుల్లో కారెక్కగానే మళ్లీ మొదలుపెట్టారు. మా ఐదేళ్ల చిన్నది ఈసారి పూర్తిగా విన్నది.

"ఆ బిందె ఇంకా ఆడనే ఉన్నదా తాతా?"

"ఉండకేం బిడ్డా, ఎటు పోతది?"

ఆ ఒక్క మాటే రెండు రోజులు దాన్ని నడిపించింది.

కరీంనగర్ నుంచి మంథని, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరాం. ఒకే పానవట్టం మీద యముడు, ముక్తీశ్వరుడు అని రెండు లింగాలుండే గుడి కాబట్టి అది తెలియనివాళ్లు మా వైపు ఉండరు. వచ్చామా, స్నానం చేశామా, దర్శనం అయిందా, పులిహోర తిని ఇంటిదారి పట్టామా. మేమూ ఎన్నో ఏళ్లు అంతే చేశాం. వంతెన దాటితే మహారాష్ట్ర. "గడ్చిరోలి జిల్లాకా, చిన్నపిల్లలతోనా!" అని మా పక్కింటావిడ బయలుదేరే ముందు రోజు బుగ్గలు నొక్కుకుంది. మా వదిన పాతికేళ్లుగా అక్కడే కాపురం చేస్తోందని చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు.

సిరోంచలో బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి, బేరాలన్నీ తెలుగులో నడుస్తాయి. బస్టాండు దగ్గర పోహా అమ్మే ఆయన "కారం ఎక్కువ ఎయ్యాల్నా అక్కా?" అని అడిగితే మావాడు ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. వదిన కొడుకు మరాఠీ మీడియంలో చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, రాయమంటే నవ్వేస్తాడు. ఇప్పుడు మారుమూల తాలూకాలా కనిపించే ఈ ఊరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. బ్రిటిష్‌వాళ్ల కాలంలో అప్పర్ గోదావరి జిల్లా అని ఉండేది, దానికి ముఖ్యపట్నం ఇదే. 1874లో ఆ జిల్లా పోయి చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. గడ్చిరోలి జిల్లా ఏర్పడింది 1982లో. ఇన్ని మారినా ఇళ్లలో మాట మాత్రం తెలుగే.

మర్నాడు పొద్దున్నే ఏడు గంటలకు నది ఒడ్డుకు బయలుదేరాం. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, చిన్నదానికి ఐదేళ్లు. ఈ ఇద్దరూ నడవగలిగిందే మా నడక అని ముందే అనుకున్నాం. అంతకుముందు ఒక కొండకు పిల్లల్ని తీసుకెళ్లి, దిగేటప్పుడు ఇద్దర్నీ మోసుకొచ్చిన అనుభవం మా ఆయనకు ఉంది. ఇక్కడ ఎక్కేది లేదు, దిగేది లేదు. అంతా చదును. పైగా నది ఊరికి పడమటి వైపున ఉంది కాబట్టి పొద్దుటి ఎండ వెనకనుంచి వస్తుంది, ఒడ్డున ఉన్న ఏరుమద్ది చెట్ల నీడ నీళ్ల వైపే పడుతుంది. తొమ్మిదిన్నర దాకా ఇసుక చల్లగానే ఉంది. ఈ ఒడ్డున పిల్లలతో నడవాలంటే పొద్దుటి పూటే మంచిది. సాయంత్రం సూర్యాస్తమయం బాగుంటుంది గానీ ఎండంతా ఎదురుగా మొహాన కొడుతుంది.

వదిన ఒక్కటే నియమం పెట్టింది. "మోకాలు తడిసిందా, ఎనక్కి." ప్రాణహిత పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. ఇసుక తవ్విన చోట గుంతలుంటాయి, అవి నీళ్ల కింద కనబడవు. నాకు మొదటి గంటంతా టెన్షనే. తర్వాత చిన్నదానికి నీళ్ల మీద ఆసక్తే లేదని అర్థమైంది. దాని చూపంతా ఇసుక మీదే. పుల్ల పట్టుకుని ఎక్కడ ఎత్తుగా కనిపిస్తే అక్కడ గుచ్చుతోంది, బిందె కోసం.

అలా గుచ్చుతూ గుచ్చుతూ ఒకచోట ఆగిపోయింది. తడి ఇసుక మీద సన్నటి గీత ఒకటి ఉంది. ఎవరో వేలితో గీసినట్టు, వంకరలు తిరుగుతూ నాలుగైదు అడుగులు పోయింది. దాని పక్కన ఇంకోటి, ఒకదాన్నొకటి దాటుకుంటూ. "ఎవరు రాశారమ్మా?" అంది. నాకూ తెలియదు. ఆ గీత వెంబడే ముగ్గురం వంగి నడిచాం. చివర ఇసుక కొద్దిగా ఉబ్బి ఉంది. పుల్లతో తీస్తే ఆలుచిప్ప! నల్లగా, బొటనవేలంత, గట్టిగా మూసుకుని ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ తడి వెతుక్కుంటూ ఈడ్చుకుపోయిన దారి అది. మావాడు దాన్ని నీళ్ల అంచున పెట్టి కదులుతుందేమోనని ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. అది కదల్లేదు. ఇంట్లో వీడు అన్నం ముందు ఐదు నిమిషాలు కూర్చోడు.

మామయ్యకు ఇలాంటి ఆగుళ్లే కావాలి. తువ్వాలు పరుచుకుని కూర్చుని నది గురించి చెప్పారు. వార్ధా, వైన్‌గంగా కలిస్తే ప్రాణహిత అవుతుంది. పేరు అక్కడ మొదలై ఇక్కడ కాళేశ్వరం దగ్గర అయిపోతుంది, నూట పదమూడు కిలోమీటర్లే. కానీ గోదావరి పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడో వంతు దీనిదే. గోదావరిని పైన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి దగ్గర ఆపుకుంటాం కాబట్టి సంగమంలో చూస్తే పేరు గోదావరిది, నీళ్లు ప్రాణహితవి. "ఇల్లరికం అల్లుని పేరు మీద మామ భూమి ఉన్నట్టు" అన్నారాయన. నాకు ఆ పోలిక అంత కుదిరినట్టు అనిపించలేదు గానీ ఊరుకున్నాను.

ఎదురుగా లంక మీద నారింజ రంగు పక్షులు రెండు నిలబడి ఉన్నాయి. చక్రవాకాలు. చలికాలం ఉత్తరం నుంచి వచ్చి మన నదుల మీద దిగుతాయి. రాత్రయితే జంట విడిపోయి ఈ ఒడ్డునొకటి, ఆ ఒడ్డునొకటి ఏడుస్తాయని కవులు చెప్పినవి ఇవే. పొద్దున ఎనిమిదింటికి మాత్రం చక్కగా పక్కపక్కనే ఉన్నాయి, మేం మాట్లాడుతుంటే విసుగ్గా చూశాయి.

ఈ ఇసుకంతా కొన్నేళ్ల కింద నీళ్ల కింద ఉండేదట. దిగువన మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో మొదలయ్యాక నీళ్లు ఇంత దూరం ఎదురెక్కి నిలిచాయి. 2023 అక్టోబరులో అక్కడ పియర్లు (బ్యారేజీ స్తంభాలు) కుంగాక నీళ్లు నిలపడం మానేశారు, ఇసుక మళ్లీ తేలింది. లంకలో ఒక కుటుంబం ఇసుకలో వరసగా గుంతలు తవ్వి అడుగున పశువుల ఎరువు వేస్తోంది, పుచ్చ గింజలు పెట్టడానికి. చిన్నది నేరుగా వాళ్ల దగ్గరికి పోయి అడిగింది, తవ్వేటప్పుడు బిందె ఏమైనా దొరికిందా అని. ఆ పెద్దావిడ మొహంలో నవ్వు లేకుండా "ఇంకా దొరకలే బిడ్డా, దొరికితే మీ అత్తమ్మకు పంపుత" అంది.

ఆ పూట మొత్తం ఎంత నడిచామో ఫోన్ చెప్పింది, మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. పట్టిన సమయం మూడు గంటలు.

మధ్యాహ్నం వడధం. అక్కడ శిలాజాల పార్కు ఉంది. మావాడికి డైనోసార్ల పిచ్చి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం కింద నిలబడి ఫొటో దిగినప్పటి నుంచి ఇంకా పెరిగింది. ఆ 'కోట' సిరోంచ దగ్గర ఊరేనని చెప్పినప్పుడు వాడు అన్నం తినడం ఆపేశాడు. ఈ చుట్టుపక్కల రాళ్లకు శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టారు, కోట ఫార్మేషన్ అని. ఇదే తాలూకాలోని పోచంపల్లి దగ్గర 1961లో మరో పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. దాని పేరు బరపాసారస్. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. తొడ ఎముకే దాదాపు 1.7 మీటర్లు, అంటే మా ఆయనంత పొడవు. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి 1975లో పేరు పెట్టినప్పుడు బరపాసారస్ టాగోరై అన్నారు. ఆ ఎముకలు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. చివరికి మనవాళ్ల డైనోసార్‌కు బెంగాలీ పేరు.

వడధంలో నేల మీద పడి ఉన్నవి రాయిగా మారిన చెట్ల మొద్దులు. దూరం నుంచి కొట్టేసిన దుంగలే. తట్టితే రాయి. విరిగిన చోట చూస్తే చెక్కలో ఉన్నట్టే పొరలు కనిపిస్తాయి. మట్టి కింద కూరుకుపోయిన చెక్కలోకి నీళ్లలో కరిగిన సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) దిగి, చెక్క పోయినచోట అది గట్టిపడిందన్నమాట. మామయ్య చాలాసేపు ఒకదాన్ని తడిమి, "మద్దా, టేకా?" అన్నారు. జవాబు చెప్పగలిగినవాళ్లం ఎవరం లేము.

రెండో రోజు కమలాపూర్ వెళ్లాలి, ఏనుగుల క్యాంపుకు. ఒకప్పుడు ఈ అడవుల్లో కలప లాగిన ఏనుగుల సంతతి అక్కడుంది. పిల్లలకు వారం రోజులుగా ఊరించాం. రోడ్డు ఎలా ఉందంటే, గుంతల మధ్య రోడ్డు వెతుక్కుంటూ పోవాలి. సగం దారిలో టైరు పోయింది. స్టెప్నీలో గాలి లేదు. అది చూసుకోవాల్సింది నేనేనట! వదిన కొడుకు బైకు మీద వెళ్లి పంక్చరు వేయించుకొచ్చేసరికి రెండు గంటలు. ఏనుగులు తప్పిపోయాయి, చిన్నది ఏడుపు.

రోడ్డుకు రెండు వైపులా టేకు అడవి. లోపలికి పోవద్దు, రోడ్డంచునే నడుద్దాం అని పిల్లల్ని తీసుకుని నడిచాను. ఎండుటాకులు అప్పడాల్లా పెళపెళమంటున్నాయి. చెట్టు మొదట్లోంచి పుట్టిన ఒక పిలకకు లేతాకు కనిపిస్తే తెంపి, చిన్నదాని అరచేతిలో పెట్టి రెండు చేతులతో నలపమన్నాను. చేతులు తెరిస్తే ఎర్రగా, గోరింటాకు పెట్టినట్టు. ఏడుపు ఆగిపోయింది. తర్వాత తాత చేతులకు, నాన్న చేతులకు, చివరికి పంక్చరు వేయించుకొచ్చిన బావ చేతులకు కూడా పండింది. సీటు కవరు మీద ఆ మరకలు ఇంకా పోలేదు.

తిరుగు ప్రయాణంలో వదిన మిరపకాయల మూట, "ఇప్పపువ్వు రాలేటప్పుడు రండి" అనే మాట, రెండూ కారులో పెట్టింది. వంతెన మీద మా ఆయన వేగం తగ్గించాడు. మామయ్య అద్దం దించి, "ఇగో, సరిగ్గ ఈన్నే ఒరిగింది పడవ" అని చూపించారు. కింద అంతా ఇసుక. మావాడు ఎక్కడా పడవ దారి కనిపించట్లేదని వాదన పెట్టుకున్నాడు. చిన్నది ఎర్రటి అరచెయ్యి అద్దానికి ఆనించి కిందికే చూస్తోంది.

"మనం ఇటు వెతకనే లేదు" అంది.