ఒక్క మనిషి, రెండు గొంతులు: ఎలియట్ స్మిత్ పాట

ఎం.ఎం.టి.ఎస్. రైల్లో లింగంపల్లి వైపు వెళ్తున్న ఒక సాయంత్రం నా ఇయర్‌ఫోన్లలో ఎడమవైపుది పలకడం మానేసింది. అప్పుడు నేను వింటున్నది అమెరికన్ ఇండీ రాక్ గాయకుడు ఎలియట్ స్మిత్ 1997లో విడుదల చేసిన ‘ఈదర్/ఆర్’ అనే ఆల్బమ్. ఏళ్ళ తరబడి విని కంఠతా వచ్చేసిన పాటే అయినా, ఆ ఒక్క చెవిలో ఇంకెవరో పాడుతున్నట్టు వినిపించింది. గొంతు పలచబడింది, ఊపిరి తీసుకున్న చోటు, మాట చివర పెదవులు కలిసిన చప్పుడు విడిగా తెలిశాయి. ఇంటికి రాగానే వేరే జత పెట్టుకుని, ఆ పాటనే మొదట కుడి చెవితో, తర్వాత ఎడమ చెవితో, ఆ తర్వాత రెండింటితో విన్నాను. అన్నాళ్ళూ ఒక్క గొంతు అనుకున్నది నిజానికి రెండు గొంతులు. రెండూ అతనివే.

ఈ పద్ధతిని డబుల్ ట్రాకింగ్ అంటారు. గాయకుడు ఒక చరణాన్ని పాడి రికార్డు చేస్తాడు. తర్వాత దాన్ని వింటూ, అదే చరణాన్ని అదే స్థాయిలో, అదే నడకలో మరోసారి పాడతాడు. ఎంత జాగ్రత్తగా పాడినా రెండూ అచ్చంగా ఒకటి కావు. వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. ఆ తేడా వల్లనే గొంతుకు ఒక మందం, ఒక మెరుపు వస్తాయి. ఇది ఎంత కష్టమో తెలుసుకోవాలని నేను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక లలితగీతం పల్లవిని రెండుసార్లు పాడి ఒకదానిపై ఒకటి పెట్టి చూశాను. అచ్చులు సులువుగానే కలిశాయి కానీ, ‘స’కారం వచ్చిన ప్రతి చోటా పాము బుస కొట్టినట్టు రెండు శబ్దాలు వేరువేరుగా వినిపించాయి. మొదటిసారి ఎక్కడ ఊపిరి తీసుకున్నానో రెండోసారీ అక్కడే తీసుకోవాలని అప్పుడు అర్థమైంది. స్మిత్ రికార్డింగుల్లో ఆ అతుకు ఎంతో వెతికితే తప్ప కనపడదు, అదీ గుసగుసకు దగ్గరగా పాడుతున్నప్పుడు. గొంతు చించుకుని పాడేటప్పుడు దాగే తప్పులు గుసగుసలో దాగవు.

అతని అసలు పేరు స్టీవెన్ పాల్ స్మిత్. 1969 ఆగస్టు 6న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయాక బాల్యమంతా టెక్సాస్‌లో తల్లి దగ్గర గడిచింది. పద్నాలుగేళ్ళ వయసులో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు, తండ్రి దగ్గరకు వెళ్ళాడు. మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీలో 1991లో చదువు ముగించుకుని మళ్ళీ పోర్ట్‌లాండ్‌కే వచ్చాడు. తత్త్వశాస్త్రం చదివిన ఆ పట్టభద్రుడు కొంతకాలం బేకరీలో పని చేశాడు. కాలేజీలో పరిచయమైన నీల్ గస్ట్‌తో కలిసి హీట్‌మైజర్ అనే బ్యాండ్ నడిపాడు. అమెరికా వాయవ్య మూలనున్న ఆ ప్రాంతమంతా అప్పుడు పెద్ద గిటార్లతో, పెద్ద కేకలతో దద్దరిల్లుతున్న రోజులవి. పక్కనే ఉన్న సియాటిల్ నుంచి వచ్చిన హోరు దేశమంతటినీ ఊపేస్తోంది. హీట్‌మైజర్ కూడా ఆ కోవలోనిదే. ఆ బ్యాండ్ గురించి ఎక్కువ చెప్పడానికి నాకు ఏమీ లేదు, దాని చివరి ఆల్బమ్ తప్ప మిగతావి నన్ను అంతగా కదిలించలేదు.

అసలు కథ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, ఒక ఫోర్ ట్రాక్ రికార్డర్ ముందు మొదలైంది. ఫోర్ ట్రాక్ అంటే నాలుగు శబ్దాలను నాలుగు వరుసల్లో విడివిడిగా పట్టే యంత్రం. రెండు గిటార్లు, రెండు గొంతులు పెడితే వరుసలు నిండిపోతాయి. ఆ ఇరుకులో అతను పాడుకున్న పాటలను విన్న క్యావిటీ సెర్చ్ అనే పోర్ట్‌లాండ్ చిన్న సంస్థ, వాటన్నిటినీ కలిపి ఆల్బమ్‌గా వేస్తామంది. ఒకటో రెండో పాటలతో చిన్న రికార్డు వస్తే చాలనుకున్న మనిషికి అది ఊహించని మాట. అలా 1994లో ‘రోమన్ క్యాండిల్’ వచ్చింది. అందులో నాలుగు పాటలకు పేర్లే లేవు. ‘నో నేమ్’ అని, పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు ఉంటాయి. ముఖచిత్రం మీద ఉన్నది కూడా అతను కాదు, అతని స్నేహితులు. పాటకు పేరు లేదు, అట్ట మీద గాయకుడి ముఖం లేదు. తీగల మీద వేళ్ళు జారిన కీచు శబ్దం మాత్రం ఉంది.

ఆ శబ్దాన్ని నేను ఎంతో ఇష్టపడతాను. ఆకాశవాణి లలిత సంగీతం విని పెరిగిన చెవికి, మైకుకు దగ్గరగా నిలబడి ఒక్కరికే చెబుతున్నట్టు పాడే గొంతు కొత్తది కాదు. అయితే మన రేడియో గాయకుల వెనక వీణ, వేణువు, తబలా ఉండేవి. ఇక్కడ ఒక్కడే మనిషి, అతని వెనక నిలబడ్డదీ అతనే. గిటార్ వాయించే తీరులోనూ అంతే: బొటనవేలు కింది స్వరాలను నడిపిస్తుంటే మిగతా వేళ్ళు పైన ఇంకో రాగాన్ని అల్లుతాయి. వినేవారికి ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది.

1995లో ఒలింపియా నగరంలోని కిల్ రాక్ స్టార్స్ సంస్థ ద్వారా అతని పేరుతోనే రెండో ఆల్బమ్, 1997లో అదే సంస్థ నుంచి ‘ఈదర్/ఆర్’ వచ్చాయి. ఈ మూడోదాని పేరు డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్ గ్రంథం నుంచి తీసుకున్నది. హీట్‌మైజర్ అప్పటికే విడిపోయింది. పోర్ట్‌లాండ్‌లోనే ఉండే దర్శకుడు గస్ వాన్ సాంట్ ఈ పాటల్లో కొన్నింటిని తన ‘గుడ్ విల్ హంటింగ్’ చిత్రంలో వాడుకున్నాడు. వాటితో పాటు చేరిన ‘మిస్ మిజరీ’ అనే పాటకు ఆస్కార్ నామినేషన్ దక్కింది.

1998 మార్చి 23 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో జరిగిన ఆస్కార్ వేడుకలో అతను ఆ పాట పాడిన వీడియోను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. తెల్లని సూటు, చేతిలో గిటార్. అంత పెద్ద వేదిక మధ్యలో అతనొక్కడే నిలబడ్డాడు. సమయం చాలదని పాటను కుదించారు. వాద్యబృందం వెనక నుంచి అండగా వాయిస్తోంది. చూసినవారందరూ అతని బెరుకు గురించి, ఆ సూటు గురించి మాట్లాడతారు. నాకు మాత్రం అక్కడ లేనిదేమిటో తెలుస్తుంది. రికార్డింగులో అతని పక్కన ఎప్పుడూ ఉండే రెండో గొంతు వేదిక మీద లేదు. ఒంటి గొంతుతో, ఏ అతుకూ ఏ ఆసరా లేకుండా పాడాడు, శ్రుతి తప్పకుండా పాడాడు. బహుమతి ‘టైటానిక్’ పాటకు వెళ్ళింది. మన ఊళ్ళలో ఇంగ్లీషు రాని వారు కూడా కూనిరాగం తీసిన పాట అది. ఆ పాట పాడిన సెలీన్ డియాన్, మరో గాయని ట్రిషా ఇయర్‌వుడ్, స్మిత్ ముగ్గురూ చేతులు కలిపి నిలబడి ప్రేక్షకులకు వంగి నమస్కరించారు. ఆ రాత్రిని పరాజయంగా రాసేవాళ్ళను నేను ఒప్పుకోను.

ఆ తర్వాత డ్రీమ్‌వర్క్స్ అనే పెద్ద సంస్థలో చేరి, 1998లోనే ‘ఎక్స్‌ఓ’ చేశాడు. బేస్‌మెంట్ పోయి మంచి స్టూడియో వచ్చింది. పియానో, వయొలిన్లు, డ్రమ్ములు చేరాయి. కొందరు పాత అభిమానులకు ఇది రుచించలేదు కానీ, నాకు అతని పనితనం పూర్తిగా వికసించింది ఇక్కడే అనిపిస్తుంది. ఈ ఆల్బమ్ చివరి పాట ‘ఐ డిడన్ట్ అండర్‌స్టాండ్’లో ఒక్క వాద్యం కూడా లేదు. అంతా అతని గొంతులే, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. నాలుగు వరుసల యంత్రం మీద రెండు గొంతులతో సరిపెట్టుకున్నవాడికి, కావలసినన్ని వరుసలు ఇస్తే ఏం చేశాడంటే, తన గొంతుతోనే ఒక బృందగానం కట్టుకున్నాడు. అమెరికా అమ్మకాల పట్టికలో ఆ ఆల్బమ్ 104వ స్థానం దాటి పైకి వెళ్ళలేదు. 2000లో వచ్చిన ‘ఫిగర్ 8’ 99వ స్థానానికి చేరింది.

‘ఫిగర్ 8’లో కొంత భాగాన్ని లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. చిన్నతనం నుంచి బీటిల్స్ బ్యాండ్‌ను ఆరాధించినవాడికి అది తీర్థయాత్ర లాంటిదే. 1966లో, ఒకే పాటను రెండుసార్లు పాడి పాడి విసిగిన బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కోసం, కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు ఒక్క గొంతునే యంత్రంతో రెండుగా వినిపించే ఉపాయం కనిపెట్టింది ఆ స్టూడియోలోనే. ఆ సౌకర్యం ముప్ఫై ఏళ్ళకు పైగా అందుబాటులో ఉన్నా, స్మిత్ తన గొంతును తానే రెండోసారి పాడి జతచేసేవాడు.

తర్వాతి సంవత్సరాలు మద్యంతో, మత్తుమందులతో కష్టంగా గడిచాయి. 2003 అక్టోబరు 21న లాస్ ఏంజెలెస్‌లో, 34 ఏళ్ళకే అతను చనిపోయాడు. ‘ఫిగర్ 8’ ముఖచిత్రం తీసిన సన్‌సెట్ బులవార్డ్‌లోని రంగుల గోడ దగ్గరకు అభిమానులు పూలు, ఉత్తరాలు తెచ్చి పెట్టారు. అతని గురించి రాసేవారిలో ఎక్కువమంది ఈ మరణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ, ప్రతి పాటలోనూ దాని నీడను వెతుకుతారు. ఇది నాకు బాధ కలిగిస్తుంది. మనసు చెదిరినవాడి ఏడుపుగా ఆ పాటలను వినేవారు, మొదటి గొంతు ఊపిరిని రెండో గొంతు ఊపిరి ఎంత శ్రద్ధగా అనుసరించిందో ఒక్కసారి వినాలని కోరుకుంటాను. అంత నిలకడ, అంత ఓపిక ఉన్న చేతిపని అది.

అతను పూర్తి చేయకుండా వదిలిన పాటలను, అతని ఆల్బమ్‌లకు నిర్మాతగా పనిచేసిన రాబ్ ష్నాఫ్, స్నేహితురాలు జోవన్నా బోల్మ్ కలిసి ఒక కొలిక్కి తెచ్చారు. అవి 2004లో ‘ఫ్రమ్ ఎ బేస్‌మెంట్ ఆన్ ద హిల్’గా వచ్చాయి. పోర్ట్‌లాండ్‌లో జాక్‌పాట్ స్టూడియో నడిపిన లారీ క్రేన్ దగ్గర, ఇతర చోట్ల అంతకుముందెప్పుడో రికార్డు చేసి పక్కన పెట్టిన 24 పాటలతో 2007లో ‘న్యూ మూన్’ వచ్చింది. దాని మీద వచ్చిన డబ్బులో కొంత, ఇల్లు లేని యువతకు సాయపడే పోర్ట్‌లాండ్ సంస్థ ఔట్‌సైడ్ ఇన్‌కు ఇచ్చారు. అందులో ‘మిస్ మిజరీ’ తొలి రూపం కూడా ఉంది. మాటలు కొన్ని వేరు. ఆస్కార్ వేదిక ఇంకా చాలా దూరంలో ఉంది. నిన్న రాత్రి దీన్ని మొదట ఒక చెవితో, ఆ తర్వాత రెండు చెవులతో విన్నాను.