బీర్ గేమ్‌ను ఏ అరలో పెట్టాలి?

నేర్పే ఆటలను సబ్జెక్టు పేరు చూసి వర్గీకరిస్తే తప్పులో కాలేస్తాం. ముందు చూడాల్సింది గెలుపోటముల నియమం ఉందా, లేదా అని.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన బీర్ గేమ్‌నే చూడండి. బీరు కేసులు ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా చేరే సరఫరాను జట్టుగా నడిపే ఆట ఇది. జట్టులో నాలుగు పాత్రలు: చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ. తలా 12 కేసుల సరుకుతో మొదలు. వారానికి 4 కేసులున్న గిరాకీ 5వ వారంలో 8 అవుతుంది, ఇక మారదు. ఆర్డరుకీ సరుకుకీ మధ్య వారాల ఆలస్యం ఉంటుంది కదా, అందరూ కంగారుపడి ఎక్కువెక్కువ ఆర్డర్లు రాస్తారు. నిల్వ ఉన్న కేసుకు వారానికి అర డాలరు, అడిగినా ఇవ్వలేక బాకీపడ్డ కేసుకు ఒక డాలరు ఖర్చు.

తక్కువ ఖర్చు చేసిన జట్టుదే గెలుపు కాబట్టి ఇది ఆట. లోపల నడిచేది మాత్రం సిమ్యులేషన్, అంటే నిజమైన వ్యవస్థకు నమూనా. నేనైతే ఆటలు, సిమ్యులేషన్లు అనే రెండు అరల్లోనూ రాస్తాను.

చివర్లో ఆర్డర్ల గ్రాఫు గీయించడం మానొద్దు. అది లేకపోతే ‘తప్పంతా పక్కవాడిదే’ అనుకుంటూ లేచిపోతారు.